గొంతు ఎంత పెంచాలి?

వీడియో ఎడిటింగులో ఏ దృశ్యం ఉంచాం, ఏది కత్తిరించాం అన్నది రాజకీయమేనని మనమంతా ఒప్పుకుంటాం. శబ్దం దగ్గరికొచ్చేసరికి అది టెక్నీషియన్ పని అని వదిలేస్తాం. నాకు అలా అనిపించదు.

ఆడియో మిక్సర్‌లో ఆటోమేషన్ పెట్టుకుంటే ఫుటేజీ నడుస్తుండగానే ఫేడర్‌ని పైకీ కిందికీ జరుపుతూ పోవచ్చు. చేతి కదలికలన్నీ కీఫ్రేములుగా నమోదవుతాయి. ‘టచ్’లో ఫేడర్ వదలగానే స్థాయి పాత చోటికి పోతుంది, ‘లాచ్’లో వదిలిన చోటే నిలుస్తుంది. కూర్చుని ఆలోచించి చేసే పని కాదిది. ఆ క్షణాన ఎవరి మాట ముఖ్యమనిపిస్తే వేలు అటు పోతుంది. మన సంస్కారమంతా ఆ వేలిలో బయటపడుతుంది.

ఉత్తర తెలంగాణలో బీడీలు చేసే ఒక పెద్దమ్మ ఇంటర్వ్యూని ఇలాగే మిక్స్ చేశాను. కూలి వెయ్యి బీడీల లెక్కన గనక మాట్లాడుతున్నంతసేపూ ఆమె చెయ్యి ఆపలేదు. తునికాకు మీద కత్తెర చప్పుడు ప్రతి వాక్యంలోనూ ఉంది. ఎడిటింగు భాషలో అది నాయిస్. నాకది ఆమె కథలో సగం. ఉంచేశాను.

తేలనిది భర్త గొంతు. వెనక మంచం మీంచి ఆయన “అట్ల గాదు” అంటూ సంవత్సరాలు సరిదిద్దుతుంటాడు. ఆ గొంతుని అడుక్కి నొక్కెయ్యాలన్నది నా మొదటి కోరిక. నొక్కి విన్నాను. ఆయన పోయాడు, ఆమె తడబాటు మిగిలింది. ఎందుకు ఆగిందో తెలియని చోట్లు, మొదలుపెట్టి మార్చుకున్న వాక్యాలు. అడ్డు తగిలినవాడు వినబడకపోతే, ఆమే చెప్పడం చేతకాని మనిషిలా వినబడుతుంది! ఆయన్ని మళ్ళీ పైకి తెచ్చాను. మాటలు తెలిసేంత, ఆమెను మించనంత.

1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలోని స్త్రీల మాటలు పుస్తకమయ్యాయి. అచ్చులో గుసగుసకీ కేకకీ అక్షరం సైజు ఒకటే. వీడియోలో ఆ వెసులుబాటు లేదు.

భర్త బయటికి వెళ్ళాక పెద్దమ్మ గొంతు బాగా దించి ఒక సంగతి చెప్పింది. అదేమిటో ఇక్కడ రాయను. మీటరులో ఆ మాటలు మైనస్ 30 దగ్గర కొట్టుకుంటున్నాయి. 10 డెసిబెల్స్ పెంచితే చెవికి రెట్టింపు బిగ్గరగా తోస్తుంది. కంప్రెసర్ గట్టిగా బిగిస్తే గుసగుసా కేకా దాదాపు ఒకే ఎత్తుకొస్తాయి. కెమెరా ముందు మాట్లాడటానికి ఆమె ఒప్పుకుంది, సంతకమూ పెట్టింది. ఏ మాట ఎంత బిగ్గరగా వినిపించాలన్నది ఆ కాగితంలో లేదు. గొంతు దించడం ఆమె చేసుకున్న నిర్ణయం కాదా? అలాగని వదిలేస్తే ఆ అన్యాయం మళ్ళీ ఇంటి గోడల మధ్యే ఉండిపోతుంది కదా! గొంతు లేనివాళ్ళకు గొంతునిస్తున్నామని మనం తేలిగ్గా రాసేస్తుంటాం. ఆమెకు గొంతుంది. ఎక్కడ దించాలో కూడా తెలుసు.

ఆ భాగాన్ని తీసుకెళ్ళి, పెంచినదీ పెంచనిదీ రెండూ హెడ్‌ఫోన్స్‌లో ఆమెకే వినిపించాను. “ఇంత గట్టిగ అన్ననా నేను?” అని నవ్వింది. కత్తెర పక్కన పెట్టి ఇంకోసారి వింది.

“నువ్వు పట్నం పోతవు బిడ్డా. నేనుండేది ఈడ్నే గద.”

ఆ నిమిషమున్నర సినిమాలో లేదు. ఫైలు మాత్రం నా దగ్గరుంది, స్థాయి ముట్టుకోకుండా. ఆమె ఎప్పుడు వెయ్యమంటే అప్పుడు వేస్తాను.