నీటిపై హక్కు ఎవరిది?

“బోరు మాది, కరెంటు బిల్లు మాది. వీధివారికి నీళ్ళెందుకు ఇవ్వాలి?” అని అడిగేవారున్నారు. ప్రశ్న అంత తేలికైనదేమీ కాదు.

దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) నీరు, పచ్చిక, నిప్పు – ఈ మూడింటిలో ప్రజలందరినీ భాగస్వాములుగా ప్రకటించారు. అయితే శ్రమపడి కుండలోనో తోలు తిత్తిలోనో నింపుకున్న నీరు నింపుకున్నవాని సొత్తే, అమ్ముకోవచ్చు కూడా. బావి సంగతి వేరు. సొంత స్థలంలోని బావే అయినా, దాహంతో వచ్చిన మనిషికీ పశువుకూ అందులో హక్కుంది. ఫిఖహ్ పండితులు దీన్ని ‘హఖ్ఖె షఫా’ అన్నారు. దగ్గరలో వేరే నీరు లేనప్పుడు యజమాని అతణ్ణి లోపలికి రానివ్వాలి, లేదా తానే నీళ్ళు తెచ్చి బయట ఇవ్వాలి. పొలం తడుపుకుంటానంటే మాత్రం కాదనవచ్చు.

మదీనాలోని రూమా బావి ఉదంతం మనలో చాలామందికి తెలుసు. తియ్యని నీటి బావి. యజమాని నీళ్ళు అమ్మేవాడు. హజ్రత్ ఉస్మాన్ (రజి) దాన్ని కొని అందరికీ వదిలేశారు. ధర ఒక కథనంలో 20 వేల దిర్హములు, మరో కథనంలో 35 వేలు. మన ప్రసంగాలలో ఈ సొమ్ము గురించే ఎక్కువగా చెబుతాం. నాకు మాత్రం దైవప్రవక్త (సఅసం) పెట్టిన షరతే గొప్పగా తోస్తుంది: కొన్నవాని చేద కూడా ముస్లిములందరి చేదలలో ఒకటిగానే ఉండాలి. డబ్బిచ్చినవానికి ముందు వరుస లేదన్నమాట!

మరి మోత ఖర్చు ఎవరు భరించాలి? కైరోలోని సబీళ్ళను చూడండి. నైలు నది నీటిని ఒంటెలపై తోలు తిత్తులలో తెచ్చి నేల కింది తొట్లలో నింపేవారు. మోసినవారి కూలి, నీళ్ళు పోసేవాని జీతం, శుభ్రత ఖర్చు అన్నీ వక్ఫ్ ఆస్తుల రాబడి నుంచే వచ్చేవి. తాగేవాడు పైసా ఇవ్వనక్కరలేదు. 1744లో అబ్దుర్రహ్మాన్ కత్‌ఖుదా కట్టించిన సబీల్ నేటికీ నిలిచి ఉంది. కింద నీళ్ళు, పైన పిల్లల ఖుర్ఆన్ బడి. మన వేసవి చలివేంద్రాలు ఈ కోవలోవే. కానీ ప్రారంభం నాడు బ్యానర్లు, పది రోజులకు ఖాళీ కుండలు. కుండ నింపేవాని జీతం గురించి ఎవరూ ఆలోచించరు.

ఇక బోరు విషయం. బీడు భూమిలో ఒకరు బావి తవ్వితే చుట్టూ 40 మూరల వరకు మరొకరు తవ్వరాదని హనఫీ ఫిఖహ్ హద్దు పెట్టింది. మొదటి బావి నీరు తగ్గిపోకూడదనే ఆ నియమం. సొంత స్థలాలకు ఈ కొలత యథాతథంగా వర్తించదు, నిజమే. కానీ 800 అడుగుల బోరు పక్క వీధి చేతిపంపును ఎండబెట్టాక, అక్కడి ఆడవాళ్ళు బిందెలతో గేటు ముందు నిలబడితే వారు పొలం తడుపుకోవడానికి వచ్చినవారు కారు కదా! వుజూకు, బట్టలు ఉతుక్కోవడానికి కూడా తీసుకోవచ్చన్నదే హనఫీలలో సరైనదిగా ఎంచబడిన అభిప్రాయం. కరెంటు ఖర్చులో వాటా అడిగితే తప్పు లేదు. ఇచ్చుకోలేనివారిని ఆ పేరు చెప్పి తిప్పి పంపడం నా దృష్టిలో ధర్మసమ్మతం కాదు.