గుండ్రని అక్షరానికి దయ ఉంటుందా?

కొసలు నున్నగా మలిచి, కడుపు వెడల్పు చేసిన అక్షరాన్ని చూస్తే మనసు ఎందుకు మెత్తబడుతుంది? పిల్లల పుస్తకాల అట్టలకీ, ఐస్‌క్రీమ్ డబ్బాలకీ ఇలాంటి ఫాంట్లే వెతికి మరీ పెడతారు. మూల గుచ్చుకుంటుందని, వంపు గుచ్చుకోదని చేతికి తెలిసినదాన్ని కన్ను కూడా నమ్ముతుంది కాబోలు. అక్షరం మెత్తగా ఉందని మాటా మెత్తనిదే అనుకోవచ్చా? తాపీ నది సముద్రంలో కలిసేచోట, సూరత్ పక్కనున్న హజీరాలో, ఈ ప్రశ్న ఊసుపోక వేసేది కాదు. ఉక్కు, ఎరువులు, ఎల్‌ఎన్‌జీ, ఓడరేవు అన్నీ ఒకేచోట ఉన్న ఊరది. అక్కడ బోర్డు చదవలేకపోతే ప్రాణం మీదికొస్తుంది.

యంత్రాలకి బిగించే చెక్కుడు పలకల మీద అక్షరాల కొసలు తరచు గుండ్రంగానే ఉంటాయి. గిర్రున తిరిగే కట్టర్ పదునైన మూల తీయలేదు, అంతకుమించి రహస్యం లేదు. మన లిపి గుండ్రదనానికి కూడా తాటాకూ గంటమూ కారణమంటారు. 1979లో ఫోక్స్‌వ్యాగన్ తన కోసం చేయించుకున్న గుండ్రని ఫాంటు సంగతి వేరు. ఆ కంపెనీ కావాలనే ఆ ముఖం పెట్టుకుంది. తర్వాత ఆపిల్ కీబోర్డుల మీదికీ అదే ఎక్కింది. పనిముట్టు వల్ల వచ్చిన వంపేదో, వ్యాపారం కోరి తెచ్చుకున్న వంపేదో చదివేవాడికి ఎలా తెలుస్తుంది?

ముంబైలోని ఏక్ టైప్ బృందం చేసిన బాలూ ఫాంటు నాకిష్టం. దళసరిగా, బొద్దుగా, కాస్త అల్లరిగా ఉంటుంది. గుజరాతీకి బాలూ భాయ్, తెలుగుకి బాలూ తమ్ముడు, బెంగాలీకి బాలూ దా, పంజాబీకి బాలూ పాజీ. (గుజరాతీకి నాగరిలా పైగీత లేదు, తెలుగు పక్కన పెడితే నిజంగానే చుట్టంలా కనిపిస్తుంది.) సూరత్‌లో మరమగ్గాల మీద బతుకుతున్న తెలంగాణ పద్మశాలి కుటుంబాలున్నాయి. నగరపాలిక బడుల్లో తెలుగు మీడియం నడిపారు. కాబట్టి ఆ తమ్ముణ్ణి గుర్తుపట్టే కళ్లు ఆ జిల్లాలో ఉన్నాయి.

కళ్లుంటే చాలా? ఫ్యాక్టరీలో పెట్టే నోటీసు ఇంగ్లీషుతో పాటు కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలో ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 108వ సెక్షన్ చెప్పేది. సబబుగానే ఉంది. మరి ఆ ఎక్కువమందిలో చేరనివాడి మాటేమిటి? గ్యాస్ లీకైనప్పుడు అది భాష అడిగి రాదు. ఎవరి అర్థం లెక్కలోకి వస్తుందో తేలాక కదా ఏ ఫాంటు అన్న చర్చ.

అందుకే నాకు గుండ్రదనం మీదకన్నా వెడల్పు మీద గురి ఎక్కువ. వెడల్పు అక్షరం చోటు అడుగుతుంది, బోర్డు మీద చోటంటే డబ్బు. ఇంకో భాష కూడా పెట్టామనిపించుకోవడానికి తెలుగుని అడుగున సన్నటి పట్టీలోకి తోశారనుకోండి: ‘థ’ కడుపులో చుక్క పూడిపోయి ‘ధ’ అవుతుంది, ‘ప’ తలకట్టు అతుక్కుని ‘వ’లా కనిపిస్తుంది, ఒత్తులకి కింద చోటుండదు. బాలూ తమ్ముణ్ణయినా అలా నొక్కెయ్యొచ్చు. కొసలు మాత్రం గుండ్రంగానే ఉంటాయి, దూరం నుంచి చూసే అధికారికి బోర్డు ముచ్చటగానే కనిపిస్తుంది.