తిరుగలియొద్ది దాసి



నిర్గమకాండమునందు ఐగుప్తు దేశముపై బడిన పది తెగుళ్ల వృత్తాంతమును నేను మొదట కళాశాలలో నుండగా జదివితిని. నీరు రక్తమగుట, కప్పలు, పేలు, ఈగలు, పశువుల తెగులు, దద్దురులు, వడగండ్లు, మిడతలు, చీకటి, కడపట తొలిచూలు సంతానముయొక్క మరణము ఒకదానివెంట నొకటి వచ్చుచుండగా, ఆ గర్విష్ఠుడగు ఫరో యెప్పుడు లొంగునాయని యుత్సాహముతో పుటలు త్రిప్పితిని. బానిసలచే ఇటుకలు చేయించి, వారి మగశిశువులను నదిలో బాఱవేయించిన రాజునకు తగిన శాస్తి జరుగుచున్నదని నాకు తృప్తిగా నుండెను.

గతమాసమున నాకథనే మరల చదువబూని, పదునొకండవ యధ్యాయమున నైదవ వాక్యమునొద్ద నాగిపోతిని. సింహాసనముపై గూర్చున్న ఫరో తొలిబిడ్డ మొదలుకొని తిరుగలి విసరు దాసి తొలిబిడ్డవఱకు నందఱును జత్తురని యచట నున్నది. తరువాతి యధ్యాయములో దాసికి మాఱుగ చెఱసాలలోని ఖైదీ వచ్చినాడు. ఇరువదియేండ్లుగ న్యాయస్థానములలో తిరిగినవాడను గనుక నా మనస్సు ముందుగ నభియోగపత్రమును వెదకినది. ఈ దాసి చేసిన నేరమేమి? ఆమె యే యాజ్ఞపైన ముద్ర వేసినది? ఫరో హృదయమును యెహోవాయే కఠినపఱచెనని తొమ్మిదవ యధ్యాయము చెప్పుచుండగా, ఆ రాజుపై మోపిన నేరము సైతము వాదమునకు నిలుచుట కష్టము. శిశువులను నదిలో వేయుడను నాజ్ఞ ప్రజలందఱికి నీయబడినది గదా, వారును బాలుపంచుకొనిరి గదా యని యెదుటిపక్షమువారు చెప్పవచ్చును. అది కొట్టివేయదగిన వాదము కాదు. కాని తిరుగలియొద్దనున్న యాపెకు నది వర్తించునని నేనొప్పుకొనజాలను.

నేనాగిపోవుటకు కారణము న్యాయశాస్త్రము మాత్రమే కాదు. కొన్నియేండ్లక్రిందట నా పెద్దకుమారుడు జ్వరముతో పడియుండగా, చూడవచ్చిన బంధువొకాయన, తండ్రి శ్రాద్ధకర్మలు మానిన ఫలము బిడ్డకు తగిలినదని మంచము ప్రక్కనే పలికెను. బిడ్డ కోలుకొనెను, ఆ మాట మాత్రము నాలో మానలేదు. అయితే నేను చేసినదేమి? అంతకు రెండేండ్లు ముందు, మా ప్రాంతమున వానలు లేక పశువులు చచ్చుచుండగా, అస్పృశ్యత పాటించు జాతిని భగవంతుడు శిక్షించుచున్నాడని వేదికనెక్కి చెప్పితిని! శ్రోతలు చప్పట్లు కొట్టిరి. ఆ యేడు కూలి దొరకక ముందుగ పస్తులున్నది ఊరివెలుపలి గూడెమువారే గదా.

ఈ పొరపాటు నావంటి చిన్నవానిదే కాదు. 1934 జనవరి 15న బీహారులో గొప్ప భూకంపము సంభవించి వేలకొలది జనులు మరణింపగా, గాంధీ మహాత్ముడు దానిని అస్పృశ్యతాపాపమునకు దైవమిచ్చిన శిక్షగ జెప్పెను. రవీంద్రనాథ ఠాకూరు, తానును ఆ పాపమును గర్హించువాడయ్యు, ప్రకృత్యుత్పాతమును నీతికి ముడిపెట్టుట తగదని ప్రకటనము వ్రాసెను. గాంధీ దానిని తన హరిజన్ పత్రికలోనే ప్రకటించి, తన నమ్మకమును విడువక బదులు చెప్పెను. నాకు ఠాకూరు పక్షమే సరియని తోచుచున్నది.

ఇక ఈ కథను తమ విమోచనకథగ నిలుపుకొన్న యూదులను జూడుడు. పస్కాపండుగ రాత్రి భోజనమున నొక్కొక్క తెగులు పేరు చెప్పునపుడు పాత్రనుండి యొక్కొక్క బొట్టు ద్రాక్షారసమును వారు తీసివేయుదురు. శత్రువుల చావు తలచునపుడు మన యానందపాత్ర నిండుగ నుండరాదని దానికి పలువురు చెప్పు నర్థము. నేనును అంతవఱకే పోగలిగితిని. బానిసలు విడుదల పొందుట దైవసంకల్పమని నమ్ముదును. దాసిబిడ్డ చావు దైవసంకల్పమనుటకు నా నాలుక రాదు. రెంటిని గలుపు సూత్రము నాకు దొరకలేదు.

ఇశ్రాయేలీయులు వెడలునపుడు అనేకులైన యన్యజనులును వారితో గూడి వెళ్లిరని పండ్రెండవ యధ్యాయమున నొక చిన్న వాక్యమున్నది. తిరుగలి విడిచి యాపెయు వారిలో బోయెనో లేదో గ్రంథము చెప్పదు.