ఎవరి సిగ్గు?

పసివాడొకడు తన తండ్రి వృత్తిని నలుగురిలో దాచినయెడల ఆ తప్పు ఎవరిది? ఈ ప్రశ్న మాకు గ్రంథములలో ఎదురుపడలేదు. ఒక ప్రాథమిక పాఠశాలలో, అయిదవ తరగతి గదిలో, వెనుక బల్లమీద కూర్చుండగా ఎదురైనది.

ఆ తరగతి ఉపాధ్యాయుడు మా సంఘస్థుడే. పిల్లలను జట్లుగా విభజించి, హరికథ, బుర్రకథ, డప్పు, కోలాటము అని ఒక్కొక్క జట్టునకు ఒక్కొక్కటి అప్పగించెను. రెండు వారములలో సంగతులు సేకరించి, చార్టు వ్రాసి, తరగతి యెదుట చెప్పి, అటుపిమ్మట పాడియో వాయించియో చూపవలెను. దీనిని ప్రాజెక్టు అందురు. మా చిన్ననాట ఎక్కములు అప్పగించుటయే మాకు తెలిసిన ప్రదర్శన.

మొదట హరికథ. ఆదిభట్ల నారాయణదాసుగారి (1864–1945) పటమును అట్టమీద అతికించి, చిడతలు పుచ్చుకొని ఒక బాలిక నిలిచెను. నడుమ కాలిగజ్జె ఊడి బల్ల క్రిందికి దొర్లినను ఆమె కథ ఆపలేదు. బుర్రకథవారు మరి గడుసువారు. నడుమ కథకునికి అట్టతో చేసిన తంబుర, ఇరుప్రక్కల ఇద్దరు వంతలు. ఒక వంత హాస్యము చెప్పవలెను, రెండవ వంత లోకవ్యవహారము చెప్పవలెను గదా. ఆ రెండవవాడు బడి కుళాయిలో నీరు రాని సంగతి ఎత్తుకొనగా ప్రధానోపాధ్యాయిని కూడ నవ్వు ఆపుకొనలేకపోయిరి.

తరువాత డప్పు జట్టు వచ్చెను. చెక్క చట్రమునకు తోలు బిగింతురనియు, వాయించుటకు ముందు మంటయొద్ద కాచినగాని తోలు బిగిసి మ్రోగదనియు, ఒక చేత పొట్టి సిర్ర, మరొక చేత సన్నని సిటికెన పుల్ల పట్టుదురనియు చక్కగా చెప్పిరి. దీనిని ఎక్కడ కొట్టుదురని ఒకడు అడుగగా మరొకడు, “జాతరల్లో, ఊరేగింపుల్లో, చాటింపుకి, చావులకి” అనెను. చావు అనగానే మూడవవాడు నాలుక బయటపెట్టి మెడ వాల్చెను. తరగతి అంతయు పకపక నవ్వినది. మేమును నవ్వితిమి. ఆపై డప్పు కొట్టిరి గాని, కాచని తోలు గనుక అది తడిగోనెను కొట్టినట్లు పలికెను.

“ఈ డప్పు ఎవరిది సార్?” అని ముందు వరుసలోని పిల్ల అడిగెను. ఉపాధ్యాయుడు కోలాటపు జట్టువైపు చూచెను. అక్కడ ఒక బాలుడు, కన్నులు ఎత్తకయే, తల కొంచెము అడ్డముగా ఆడించెను. “ఊళ్లో ఒకరిది,” అని ఉపాధ్యాయుడు మాట దాటవేసెను. ఆ డప్పు ఆ బాలుని తండ్రిదని బడి విడిచిన పిమ్మట ఆయన మాతో చెప్పెను.

ఈ సంగతి సంఘములోని ఒక పెద్దతో ముచ్చటించగా ఆయన, “తండ్రిని సన్మానింపవలెనను ఆజ్ఞను వాడు మీరినాడు. ప్రధానయాజకుని ముంగిట పేతురు చేసినదియు ఇదే కదా,” అనిరి. మేము ఒప్పుకొనలేదు. పేతురు పెద్దవాడు, ముందుగా హెచ్చరింపబడినవాడు. ఈ బాలునికి పది యేండ్లు. పేతురును ప్రశ్నించినవారు నవ్వలేదు. ఇక్కడ ప్రశ్నకు ముందే నవ్వు వచ్చినది, అందులో మా నవ్వును కలిసినది.

మరియొక సంగతి మనము మరువరాదు. 1878 జూలై 3వ తేదీన, ఒంగోలు సమీపమున, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు మాదిగలు. విగ్రహముల ఉత్సవములకు డప్పు కొట్టమని ఆ తరపు విశ్వాసులు చెప్పినందున గ్రామ పెద్దల ఆగ్రహమునకు గురియైరి. వారు డప్పును విడిచినది మనస్సాక్షి నిమిత్తము. దానికి వెల చెల్లించిరి. వారి మనుమలమైన మనము డప్పు పేరు వినబడిన తల త్రిప్పుకొనుచున్నాము, దీనికి మనము చెల్లించిన వెల యేదియు లేదు. విడిచిపెట్టుట వేరు, సిగ్గుపడుట వేరు. మన ఆరాధనలో హార్మోనియము ఉన్నది, తబల ఉన్నది, ఇప్పుడు కీబోర్డు కూడ వచ్చినది. డప్పు ఎందుకు లేదని మా సంఘములో ఎవరును అడుగగా మేము వినలేదు. నూట యేబదియవ కీర్తన చదువునప్పుడు మాత్రము అన్ని వాద్యములకు ఆమేన్ అందుము.

యాయీరు ఇంట పిల్లనగ్రోవులు వాయించువారిని ప్రభువు వెలుపలికి పంపెను గదా అని ఎవరైన అడుగవచ్చును. పంపెను, నిజమే. ఆ చిన్నది లేవబోవుచుండెను గనుక ఆ దినమున వారికి అక్కడ పని లేకపోయెను. వారి వృత్తి నీచమని ఆయన అనలేదు. సంతవీధిలో పిల్లలు పెండ్లి ఆటయు ప్రలాపపు ఆటయు ఆడుటను ఆయన గమనించెనని లూకా సువార్త ఏడవ అధ్యాయమువలన తెలియుచున్నది. చావునకు వాయించుట హాస్యాస్పదమని ఆ పిల్లలకు ఎవరును నేర్పినట్లు లేదు. మన పిల్లలకు మనము నేర్పితిమి. శవము ముందు డప్పు కొట్టువాడు లేనిదే ఊరు కదలదు, అయినను వానిని అరుగుమీద కూర్చుండనీయని ఇండ్లను మనమెరుగుదుము.

ఆ ఉపాధ్యాయునికి ఒక కోరిక కలిగినది. ఆ తండ్రిని బడికి పిలిచి, మంటవేసి, డప్పు కాచి, నిజముగా ఎట్లు మ్రోగునో పిల్లలకు వినిపింపవలెనని. అయితే ఆయన వచ్చినయెడల బాలుని రహస్యము బయటపడును. రానియెడల ఆ నవ్వే తరగతిలో చివరి మాటగా నిలుచును. ఏమి చేయుదునని మమ్మును అడిగెను.

బాలుని అడుగక పిలువవలదంటిమి. పిలిచినయెడల వేడుక చూచుటకు కాక, పాఠము చెప్పుటకే పిలువవలెనంటిమి. అనగా కుర్చీ వేయవలెను, ఉపాధ్యాయులు త్రాగు గ్లాసులోనే టీ ఇయ్యవలెను, ఆ దినపు కూలి పోవును గనుక తగిన రుసుము కవరులో పెట్టి ఇయ్యవలెను. కవరుయొక్క ఖర్చు మేము పెట్టుకొందుమంటిమి. నవ్వినవారము గదా.

మరునాడు ఉపాధ్యాయుడు బాలుని ఒంటరిగా పిలిచి అడిగెనట. వాడు చాలసేపు గోడవైపు చూచి, “మా నాన్నని అడిగి చెప్తా సార్,” అనెనట. ఆరు దినములైనది, ఇంకను చెప్పలేదు. డప్పు మాత్రము ఇంటికి తీసికొనిపోయెను. సంచిలో చుట్టుకొనలేదట, భుజమునకు తగిలించుకొని, బజారు మీదుగానే పోయెనట.