ఈ శ్రమ కాయకమగునా?

ఈదుట, సైకిలు త్రొక్కుట, పరుగెత్తుట - ఈ మూడింటిని వెంటవెంటనే ముగించు పందెమునకు ట్రయథ్లాన్ అని పేరు. ఇది 2000లో సిడ్నీ ఒలింపిక్సున చేరినది. ఆ కొలతలను మన ప్రాంతమునకు అన్వయించి చూడుడు: ఒకటిన్నర కిలోమీటరు ఈత, తెనాలి నుండి రేపల్లెకు గల దూరమును మించి 40 కిలోమీటర్ల సైకిలు, పిమ్మట ఇంచుమించు బాపట్ల నుండి సూర్యలంక తీరమునకు పోవునంత, 10 కిలోమీటర్ల పరుగు. తడిబట్ట మార్చుకొను కాలమును సైతము గడియారము విడువదు.

నలువది దాటిన నా పూర్వవిద్యార్థి యొకడు తొలిసారి దీనికి పూనుకొనగా, "ఈ చెమట ఎవరి కడుపు నింపుతుందిరా?" అని తల్లి యడిగినది. ఆ ప్రశ్నను త్రోసివేయరాదు. బసవేశ్వరుడు బోధించిన కాయకము కేవలము దేహశ్రమ కాదు. అది జీవనమునకు ఆధారమై, దాసోహమునకు దారితీయవలెను. ఆ లెక్కన వేకువనే పాలక్యానులతో తెనాలికి సైకిలు త్రొక్కువాడు కాయకజీవి. వేలు పోసి సైకిలు కొని పందెమాడి, దానిని కాయకమనుట ఆ పాలవానికి అపచారము.

అయినను వ్యర్థమనుటకు నాకు నోరు రాదు. తొలిసారి దిగినవానికి గెలుపు ఊసే లేదు. సైకిలు దిగిన కాళ్లు రాళ్లవలె బరువెక్కినపుడు, చప్పట్లు కొట్టువారు ఇండ్లకు పోయిన పిమ్మటను, అతడు పరుగెత్తవలెను. ఆ ఒంటరి ఘడియలో డాంబికమునకు చోటెక్కడిది?

మన శిష్యుడు చివరి వరుసలోనే ముగించినాడు. ఇప్పుడు ఆదివారములందు పిల్లలకు ఈత నేర్పుచున్నాడు. కాలువల నడుమ పుట్టియు ఈత రాని పిల్లలు మనకు కొరత కాదు గదా! తల్లి కొంత మెత్తబడినది. కాలువలో వద్దు, బావిలో నేర్పుమని మాత్రము పోరుచున్నది.