దానమా, సుంకమా?

ఇష్టముతో ఇచ్చినది దానము. జంకించి పుచ్చుకొనినది సుంకము. పాఠశాలలు తల్లిదండ్రుల సేవను ఏటేట ఎక్కువగా కోరుచున్న ఈ కాలమున ఈ భేదమును మరువరాదు.

2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ పాఠశాల నిర్వాహక సంఘములో నాలుగింట మూడువంతుల మంది తల్లిదండ్రులు లేక సంరక్షకులై యుండవలెను. సభ్యులలో సగము స్త్రీలు కావలెను. బలహీన వర్గముల వారికిని తగిన స్థానము కలదు. ఇది తల్లిదండ్రులకు మాట చెప్పు హక్కు నిచ్చినదే గాని, వెట్టి మోపినది కాదు.

ఉత్సవమునకు, తోటపనికి రమ్మని పిలుపు వచ్చినప్పుడు దుకాణదారుడు గల్లాను గుమాస్తాకు అప్పగించి రాగలడు. కూలికి పోవు తల్లి వచ్చినచో ఆనాటి కూలి పోవును. ఇద్దరి పూటయు ఒకే తూకము కాదు. రాలేని తల్లికి బిడ్డపై ప్రేమ లేదనుట నోటితో చేయు హింస.

జైనధర్మము చెప్పిన చతుర్విధ దానములలో శాస్త్రదానము, అభయదానము కలవు. చదువునకు చేయు సాయము మొదటిదానికి చేరును. తల్లి రాలేదని బిడ్డ పదిమందిలో తలవంచుకొనకుండ చూచుట రెండవదాని వంటిదే. కావున పాఠశాల సేవకు హాజరుపట్టీ పెట్టరాదు. తీరిక గలవారు తమ వంతుతో పాటు పొరుగువారి వంతును మోయవలెను. మోసినట్లు చెప్పుకొనకుండుట మరియు మేలు.