ఉన్నవారి మాట, రాబోయేవారి ఊరు

ఒక నగరం రాబోయే ఇరవై ఏళ్ళలో ఎక్కడ ఇళ్ళు కట్టనివ్వాలి, ఎక్కడ చెట్లు ఉంచాలి, ఏ రోడ్డు మీద బస్సు తిప్పాలి అన్నది రాసిపెట్టుకునే పత్రాన్ని అమెరికాలో కాంప్రహెన్సివ్ ప్లాన్ అంటారు. తెలుగు రాష్ట్రాల్లోని మాస్టర్ ప్లాన్‌కు అది దగ్గరి చుట్టం. కొన్నేళ్ళకోసారి దాన్ని తిరగరాయాలి, రాసేటప్పుడు ఊరివాళ్ళను అడగాలి. పైకి ఇది మున్సిపల్ ఆఫీసు వ్యవహారంలాగే కనిపిస్తుంది. కానీ ఇందులో తత్వవేత్తలు రెండు శతాబ్దాలుగా తర్జనభర్జన పడుతున్న ప్రశ్న ఒకటుంది. ఇవాళ ఉన్నవారికి, ఇంకా రానివారి బతుకును నిర్ణయించే అధికారం ఎంతవరకు ఉంది?

ఈ ప్రశ్న పెద్ద మహానగరాల కంటే శివారు నగరాల్లో ఎక్కువ పదునుగా ఎదురవుతుంది. వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్‌వ్యూ అందుకు మంచి ఉదాహరణ. సియాటెల్‌కు తూర్పున, వాషింగ్టన్ సరస్సు అవతలి ఒడ్డున ఉన్న ఈ ఊరు 1953లో నగరమైంది. 2020 జనగణన నాటికి జనాభా 1,51,854. మైక్రోసాఫ్ట్ 1986లో పక్కనే ఉన్న రెడ్‌మండ్‌కు మారేదాకా ఇక్కడే ఉండేది. ఆ తర్వాత వచ్చిన కంపెనీల పుణ్యమా అని సరస్సుకు తూర్పున ఉన్న ఈ ఊళ్ళన్నిటిలో తెలుగు మాట వినపడని వీధి తక్కువ. రాష్ట్రం 1990లో చేసిన గ్రోత్ మేనేజ్‌మెంట్ చట్టం ప్రకారం ఇలాంటి ప్రతి నగరమూ ఇరవై ఏళ్ళ ప్లాన్ రాసుకోవాలి, గడువు ప్రకారం సమీక్షించుకోవాలి, మొదటినుంచి చివరిదాకా ప్రజలను కలుపుకోవాలి. 2024తో ముగిసిన గడువుకు బెల్‌వ్యూ తన ప్లాన్‌ను సవరించింది. దాని లెక్క ప్రకారం 2044 నాటికి మరో 35,000 ఇళ్ళకు, 70,000 ఉద్యోగాలకు చోటు చూడాలి. అంటే ఆ ప్లాన్ ఎవరికోసమో వారిలో చాలామంది ఇంకా ఆ ఊరు రాలేదు, కొందరు పుట్టనే లేదు.

అడిగేది మాత్రం ఉన్నవారిని. అభిప్రాయ సేకరణ సభలో ఒక్కొక్కరికి సాధారణంగా మూడు నిమిషాలిస్తారు. పేరు పిలిచాక మైకు ముందుకు వెళ్ళాలి, ఎదురుగా గడియారం సున్నా వైపు పరుగెడుతుంటుంది. ఇంటిముందు పెరగబోయే ట్రాఫిక్, పక్క స్థలంలో కొట్టేయబోయే డగ్లస్ ఫర్ చెట్లు, పార్కింగ్, బడిలో సీట్లు: మాటలు ఎక్కువగా వీటి చుట్టూనే. ఇవేవీ చిన్న విషయాలు కావు. కానీ అవి ఎవరి నోటి నుంచి వస్తున్నాయన్నది చూడాలి. ఐన్‌స్టీన్, గ్లిక్, పామర్ అనే ముగ్గురు రాజనీతి శాస్త్ర పరిశోధకులు మసాచుసెట్స్ తూర్పు భాగంలోని ఊళ్ళ ప్లానింగ్ సభల మినిట్స్ తిరగేసి 2019లో ఒక పుస్తకం వేశారు. మాట్లాడినవారిలో వయసు మళ్ళినవారు, మగవారు, సొంతిల్లు ఉన్నవారు, ఏళ్ళ తరబడి అక్కడే ఉంటున్నవారు జనాభాలో తమ వాటాకు మించి కనిపించారు. కొత్త ఇళ్ళు వద్దన్నవారే ఎక్కువ. రాత్రి డ్యూటీ చేసే నర్సు, కెంట్ అనే ఊరి నుంచి గంటసేపు ప్రయాణం చేసి వచ్చి బెల్‌వ్యూ ఆఫీసులు తుడిచే మనిషి సాయంత్రం సభకు రాలేరు. వచ్చినా తమది ఆ ఊరు కాదు కదా అనుకుంటారు.

ప్రజల భాగస్వామ్యం గురించి తరచుగా చెప్పే సిద్ధాంతం షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో రాసిన వ్యాసంలోది. ఆమె ఎనిమిది మెట్ల నిచ్చెన గీసింది. అట్టడుగున జనాన్ని మభ్యపెట్టడం, నడుమ సంప్రదింపులు, పైన ప్రజల చేతికే అధికారం. అధికారులు మొక్కుబడిగా సభ పెట్టి చేతులు దులుపుకునే రోజుల్లో అది అవసరమైన విమర్శ. అయితే ఆ నిచ్చెన కొలిచేది ప్రజలకు ఎంత అధికారం దక్కిందన్నదే. నిచ్చెన ఎక్కిన ప్రజలు ఎవరు, కింద నిలబడే చోటైనా దొరకనివారెవరు అన్నది దానితో తేలదు. శివారు నగరంలో చిక్కంతా అక్కడే.

ఎందుకంటే ప్లాన్ ఊరిని మాత్రమే కాదు, ఊరిజనాన్ని కూడా ఎంపిక చేస్తుంది. ఒక్కో స్థలంలో ఒక్కటే ఇల్లు కట్టాలని నిబంధన పెడితే, మొత్తం స్థలం ధర పెట్టగలిగినవారే వచ్చి చేరతారు. ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ సర్వే చేస్తే వారు ఆ నిబంధన బాగుందనే చెబుతారు. బాగోలేదనేవారు ఆ ఊళ్ళో ఉండరు కాబట్టి లెక్కలోకి రారు. డెరెక్ పార్ఫిట్ 1984లో వెలువరించిన ‘రీజన్స్ అండ్ పర్సన్స్’లో దీనికి దగ్గరి చిక్కునే చర్చించాడు: మన నిర్ణయాన్ని బట్టి రేపు పుట్టే మనుషులే మారిపోతే, ఆ నిర్ణయం వల్ల నష్టపోయారని ఎవరిని చూపించగలం? పార్ఫిట్ ఆలోచించింది పుట్టుక గురించి. నగరంలో అదే చిక్కు వలస రూపంలో వస్తుంది, ఎవరి ముందు తలుపు మూసుకుందో వారి ఫిర్యాదు ఏ రికార్డులోనూ కనపడదు. అందువల్ల ప్రజామోదం ఒక్కటే ప్లాన్ మంచిదనడానికి రుజువు కాజాలదు. ఆ ఆమోదంలో కొంత భాగాన్ని పాత ప్లానే తయారుచేసి ఉంటుంది.

తరాల మధ్య అధికారం గురించిన వాదానికి అమెరికాలోనే ఒక ప్రసిద్ధమైన మూలం ఉంది. 1789 సెప్టెంబర్ 6న థామస్ జెఫర్సన్ పారిస్ నుంచి జేమ్స్ మాడిసన్‌కు ఉత్తరం రాశాడు. భూమి బతికున్నవారిది, వారికైనా దాని మీద ఉన్నది అనుభవ హక్కే, చనిపోయినవారికి ఆ హక్కూ లేదు అన్నది అందులోని వాదం. తెలుగు రైతుకు పహాణీ భాషలో చెప్పాలంటే ఏ తరమూ పట్టాదారు కాదు, ప్రతి తరమూ అనుభవదారే. జెఫర్సన్ అక్కడితో ఆగలేదు. ఫ్రెంచి శాస్త్రవేత్త బఫన్ వేసిన మరణాల పట్టికలు ముందు పెట్టుకుని, ఒకనాటి వయోజనుల్లో సగం మంది 18 ఏళ్ళ 8 నెలల్లో పోతారని లెక్కగట్టాడు. కాబట్టి ఏ చట్టమైనా, ఏ అప్పైనా 19 ఏళ్ళు దాటి కట్టుబాటు కాకూడదన్నాడు. వాషింగ్టన్ రాష్ట్రం ప్లాన్‌కు పెట్టిన ఇరవై ఏళ్ళ హద్దు ఈ లెక్కను చూసి పెట్టింది కాదు, అయినా రెండూ అంత దగ్గరగా రావడం చూస్తే ముచ్చటేస్తుంది.

మాడిసన్ 1790 ఫిబ్రవరి 4న ఇచ్చిన జవాబు జెఫర్సన్ ఉత్తరమంత పేరు పడలేదు కానీ, నగరాల విషయంలో అదే ఎక్కువ నిలుస్తుంది. పోయినవారు చేసిపెట్టిన మెరుగులను బతికున్నవారు అనుభవిస్తున్నప్పుడు ఆ మేరకు వారి మీద బాకీ ఉంటుందన్నాడు. వారధి, కాలవ, బడి, పార్కు ఏదీ పందొమ్మిదేళ్ళలో ముగిసేది కాదు. 1940లో సరస్సు మీద తేలే వంతెన వేయకపోతే బెల్‌వ్యూ అనే నగరమే ఉండేది కాదేమో. దాన్ని వేసినవారికి ఈ తరం ఏమి తిరిగివ్వగలదు?

ఈ ప్రశ్నకు భారతీయ ఆలోచనలో ఒక పాత జవాబు ఉంది. తైత్తిరీయ సంహిత బ్రాహ్మణుడు మూడు రుణాలతో పుడతాడంటుంది: ఋషులకు బ్రహ్మచర్యంతో, దేవతలకు యజ్ఞంతో, పితృదేవతలకు సంతానంతో తీర్చాలి. ఇందులో పితృరుణం తీరు విచిత్రం. తీసుకున్నది పెద్దల దగ్గర, తీర్చేది పిల్లలకు. అప్పిచ్చినవాడికే తిరిగి ఇవ్వాలన్న వ్యాపార న్యాయం ఇక్కడ చెల్లదు. తెలుగునాట సప్తసంతానాల భావన దీన్ని కుటుంబం దాటించింది. కొడుకుతో పాటు చెరువు, తోట, గుడి, అగ్రహారం, నిధి, కావ్యం కూడా సంతానమే. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం చెరువు కట్టించడం వల్ల వచ్చే పుణ్యంతో సరిపెట్టకుండా మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, రాకూడని ఆరు దోషాలు కూడా చెప్పింది. రాబోయే తరాలకు ఇచ్చేది ఒట్టి సదుద్దేశమైతే చాలదు, పనితనం కూడా కావాలన్న ఎరుక అందులో ఉంది. అయితే ఆ చెరువు ఎక్కడ కట్టాలో ఊరివాళ్ళను అడిగి ఓటేయించినవారు లేరు. రాజకుమారుడు భాస్కరుడు కట్టించాడు, అంతే. రుణం ఉందని ఒప్పుకున్న సంప్రదాయం, ఆ రుణం ఎలా తీర్చాలో నిర్ణయించేది ఎవరన్న ప్రశ్నను రాజుకే వదిలేసింది. ప్రజాస్వామ్యం ఆ నిర్ణయాన్ని ప్రజల చేతికిచ్చి, రుణం మాట మరిచిపోయే ప్రమాదంలో పడింది.

మరిచిపోతే ఏమవుతుందో బెల్‌వ్యూ చరిత్రలోనే ఉంది. ఇక్కడి మొద్దులు పెకలించి, నేల చదును చేసి, స్ట్రాబెరీ తోటలు పెంచినవారిలో జపాన్ నుంచి వచ్చిన రైతులు ముఖ్యులు. 1925లో మొదలైన ఊరి స్ట్రాబెరీ ఉత్సవం చాలామటుకు వారి పంట మీదే నడిచింది. 1921లో రాష్ట్రం చేసిన చట్టం, పౌరసత్వానికి అర్హత లేనివారన్న కారణంతో, వారికి భూమి సొంతం కాకుండా చేసింది. 1923లో భగత్ సింగ్ తింద్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అనర్హులని అమెరికా సుప్రీంకోర్టు తీర్పివ్వడంతో వారూ ఈ నిషేధం కిందికే వచ్చారు. 1942లో జపనీయ కుటుంబాలను నిర్బంధ శిబిరాలకు తరలించారు, ఉత్సవం ఆగిపోయింది. నాలుగేళ్ళకు, 1946లో, బెల్‌వ్యూ స్క్వేర్ షాపింగ్ సెంటర్ తెరుచుకుంది. ఆ భూమి చట్టాన్ని రద్దు చేయాలా అని రాష్ట్ర ఓటర్లను 1960లో, 1962లో అడిగితే రెండుసార్లూ వద్దన్నారు. 1966లో గానీ ఒప్పుకోలేదు. అభిప్రాయం అడగడంలో లోపం లేదు, లెక్కింపూ సక్రమమే. తప్పయింది అభిప్రాయమే. 2021లో రాష్ట్రం గ్రోత్ మేనేజ్‌మెంట్ చట్టాన్ని సవరిస్తూ, పాత నిబంధనలు ఏ జాతులవారిని బయటికి నెట్టాయో నగరాలే గుర్తించి సరిదిద్దాలన్న నియమం పెట్టింది. పోయినవారికీ ప్లాన్‌లో ఒక వాటా ఉందన్న ఒప్పుకోలు అది.

ఇంతమాత్రాన అభిప్రాయ సేకరణ వ్యర్థమనుకుంటే అంతకంటే పెద్ద పొరపాటు. నిపుణులకే వదిలేసిన కాలం ఎలా ఉండేదో అమెరికా నగరాలకు బాగా తెలుసు. పునర్నిర్మాణం పేరుతో పేదల, నల్లజాతివారి పేటలను బుల్డోజర్లతో నేలమట్టం చేసి హైవేలు వేశారు. జేన్ జేకబ్స్ 1961లో తన పుస్తకంతో తిరగబడింది ఆ తీరు మీదే. ఏ వీధి మలుపులో పిల్లలు రోడ్డు దాటలేకపోతున్నారో, వానాకాలం నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో, ఏ బస్‌స్టాప్ దగ్గర ముసలివాళ్ళు కూర్చోను చోటు లేక నిలబడతారో ఏ మ్యాపూ చెప్పదు. అది అక్కడ ఉండేవారికే తెలుసు. పాత పేట మీద మమకారం కూడా స్వార్థానికి మారుపేరు కాదు. ముప్పై ఏళ్ళు ఒక చెట్టును చూస్తూ బతికిన మనిషి దాన్ని కొట్టొద్దంటే, ఆ చెట్టు నీడ రేపటివారికి కూడా కావాలనే సాక్ష్యం అందులో ఉంది.

కాబట్టి తేల్చుకోవలసింది ఉన్నవారి మాటకు విలువ ఎక్కడినుంచి వస్తుందన్నది. ఊరు తమది కాబట్టి తమ మాట చెల్లాలి అంటే ఆ వాదం నిలవదు, అనుభవదారు పట్టాదారునని చెప్పుకోవడమవుతుంది. ఊరు తమకు తెలుసు కాబట్టి తమ మాట వినాలి అంటే నిలుస్తుంది. ఈ రెండో లెక్కన చూస్తే, ఎలా కట్టాలి, ఎక్కడ ముందు కట్టాలి, ఏది కాపాడాలి అన్నవి ఊరివారు చెప్పాల్సినవి. కొత్తవారికి అసలు చోటివ్వాలా వద్దా అన్నది వారొక్కరే తేల్చేది కాదు. జాన్ రాల్స్ 1971లో ప్రతిపాదించిన పరీక్ష ఇక్కడ పనికొస్తుంది: తాను ఏ తరంలో, ఏ స్థితిలో ఉండబోతున్నాడో తెలియని మనిషి ఏ నియమానికి ఒప్పుకుంటాడు? సొంతిల్లు ఉన్నవాడినవుతానో, దూరం నుంచి వచ్చి ఆఫీసు తుడిచేవాడినవుతానో తెలియని మనిషి మూడు నిమిషాల్లో చెప్పే మాట వేరుగా ఉంటుంది.

న్యాయస్థానాలు, చట్టసభలు ఈ దిక్కుకే జరిగాయి. న్యూజెర్సీలోని మౌంట్ లారెల్ అనే శివారు ఊరు పేదలకు ఇళ్ళు కుదరని విధంగా నిబంధనలు పెట్టుకుంటే, ఒక ఊరు తన సరిహద్దుల్లోని క్షేమం చూసుకుంటే చాలదని, చుట్టుపక్కల ప్రాంతం అవసరాన్ని కూడా పట్టించుకోవాలని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1975లో తీర్పిచ్చింది. 2023లో వాషింగ్టన్ చట్టసభ 75,000 జనాభా దాటిన నగరాల్లో ఒక్కో నివాస స్థలంలో నాలుగు ఇళ్ళ వరకు, ముఖ్యమైన రవాణా స్టాప్‌ల దగ్గర ఆరు వరకు అనుమతించి తీరాలని చట్టం చేసింది. స్థానికుల గొంతు నొక్కేశారన్న ఆరోపణ వచ్చింది. కొంతమేరకు నిజమే, కానీ ఆ గొంతు అడ్డుపడుతున్నది మాట్లాడే వీలు లేనివారికి కాబట్టి ఈ నొక్కడాన్ని సమర్థించవచ్చు.

పుట్టనివారి తరఫున మాట్లాడే మనిషిని వాషింగ్టన్ చట్టం నియమించలేదు. వేరే ఊళ్ళో బతికున్నవారికి మాత్రం అది ఒక తలుపు తెరిచింది. ప్లాన్ రాసేటప్పుడు నోటితోనో, రాతతోనో అభిప్రాయం చెప్పినవారెవరైనా, ఆ ఊరివారు కాకపోయినా, నిర్ణయం ప్రకటించిన 60 రోజుల్లో గ్రోత్ మేనేజ్‌మెంట్ హియరింగ్స్ బోర్డుకు అప్పీలు చేసుకోవచ్చు. వీసా మీద ఉన్న తెలుగు ఉద్యోగికి కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు లేదు, కానీ మైకు ముందు మూడు నిమిషాలు ఉంది. బెల్‌వ్యూ ప్లాన్ తర్వాతి సమీక్ష గడువు 2034.